పాట తప్ప ఇంకేమీ రాని పెట్టె

ఫోనులో పాట వస్తుంది, లాప్‌టాప్‌లో వస్తుంది, టీవీలోనూ వస్తుంది. అయినా పాట కోసమే విడిగా ఓ పెట్టె కొనుక్కునేవాళ్లు మళ్లీ కనబడుతున్నారు. కంప్యూటర్‌కూ ఈ పెట్టెకూ మధ్య నడుస్తున్న పోటీలో హైదరాబాద్‌కు ఓ పాత వాటా ఉంది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ రేకుల షెడ్డు. గుమ్మం దాటగానే కూలెంట్ వాసన, చెప్పుల కింద కరకరలాడే అల్యూమినియం రజను. లోపల రెండు మిషన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వీఎంసీ, అంటే వర్టికల్ మెషీనింగ్ సెంటర్. కంప్యూటర్ తెర, తనంతట తానే టూళ్లు మార్చుకునే చెయ్యి, జారుడు అద్దాల తలుపు. దాని మీద తెచ్చిన బ్యాంకు లోను ఇంకా తీరలేదు. రెండోది ఎస్‌పీఎం, అంటే స్పెషల్ పర్పస్ మెషీన్. పచ్చరంగు పెచ్చులూడిపోయింది, బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. పంపు ఫ్లాంజికి ఒకేసారి ఆరు బెజ్జాలు వేయడం తప్ప దానికి మరో విద్య రాదు. జాబు బిగించి బటన్ నొక్కితే ఆరు డ్రిల్లులూ కలిసి దిగుతాయి, కలిసి లేస్తాయి.

నేను వెళ్లింది అరచేతిలో పట్టే ఓ అల్యూమినియం డబ్బా పట్టుకుని. దాని వెనక పలకకు నాలుగు కంతలు కావాలి. ఒకటి కరెంటుకు, ఒకటి ఇంటర్నెట్ తీగకు, రెండు యాంప్లిఫయర్ తీగలకు. షెడ్డు యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం డబ్బా అన్నా ఇది?”

“పాటల డబ్బా.”

“పాటలా? ఫోన్ల రావా?”

వస్తాయి. మరెందుకీ డబ్బా? జవాబు వెంటనే తోచలేదు. మాట మార్చి ఎస్‌పీఎం సంగతి అడిగాను. వీఎంసీ ఉండగా ఈ ముసలి మిషన్‌ను ఎందుకు అట్టిపెట్టుకున్నావని.

“వీఎంసీకి అన్నీ వస్తయి అన్నా. కానీ దాంతోని పని చేయించాల్నంటే ముందుగాల దాని ముంగట కూసోవాలె. ప్రోగ్రాం, టూలు, ఆఫ్‌సెట్... అద్దగంట పోతది. దీనికేముంది, నిన్న వచ్చిన పోరడు గూడ నడుపుతడు.”

“మరి ఆ ఫ్లాంజి ఆర్డరు ఆగిపోతే?”

“ఆగితే ఇంకేముంది, తుక్కుకే. కిలోల లెక్క.”

నేను చెప్పలేకపోయిన జవాబులో సగం ఆయన మొదటి మాటలో ఉంది. మిగతా సగం, అసలు భయపెట్టే సగం, రెండో మాటలో ఉంది.

తెల్లవారని కంప్యూటర్

మా ఇంట్లో ఈ డబ్బా కథ నాన్నతో మొదలైంది. ఐడీపీఎల్‌లో పనిచేసి వీఆర్‌ఎస్ తీసుకున్న మనిషి. జీవితమంతా పొద్దున్నే వివిధభారతి పెట్టుకుని గడ్డం గీసుకున్నవాడు. రేడియో మూలపడ్డాక పాటలన్నీ నేను లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. దాని నుంచి తీగ లాగి, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న యాంప్లిఫయర్‌కు కలిపాను. పని అయిపోయిందనుకున్నాను.

అయిదున్నరకు లేచి నాన్న పాట పెట్టుకోవాలంటే మూత తెరవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, అది మేలుకునేదాకా ఆగాలి, అప్‌డేట్ అడిగితే వద్దనాలి, మౌసు బాణాన్ని చిన్న త్రికోణం మీదికి తోలాలి. ఓ రోజు నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ కూర్చున్నాయి. ఇరవై నిమిషాలయ్యాక మా గది తలుపు దగ్గరికొచ్చి, “ఏరా, మీ కంప్యూటర్‌కు ఇంకా తెల్లవారలేదా?” అన్నాడు.

ఇంకో బాధ కూడా ఉండేది. పాట మధ్యలో ఆఫీసు మెయిల్ వస్తే ‘టింగ్’మనే చప్పుడు పెద్ద స్పీకర్లలోంచి గుడి గంటలా మోగేది. లాప్‌టాప్ ఛార్జరు పెడితే చాలు, స్పీకర్లలో ‘గుంయ్’మని సన్నని రొద. ఛార్జరు పీకితే మాయం. దీని కారణం మాత్రం తేలికే. మూడు పిన్నుల ఛార్జరు ఎర్తు, యాంప్లిఫయర్ ఎర్తు రెండు దారుల్లో కలిసి ఓ వలయమవుతాయి. ఆ వలయంలో తిరిగే కొద్దిపాటి కరెంటు పాట తీగలోకి దూరుతుంది. చుట్టూ మోటార్లు, వెల్డింగ్ సెట్లు నడిచే మా వైపు కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరో వెల్డింగ్ రాడ్ ఆనించినప్పుడల్లా మా ట్యూబ్‌లైటు కన్నుకొడుతుంది.

కంప్యూటర్‌లో పాట చెడిందని కాదు నా ఫిర్యాదు. నూరు పనుల మధ్య పాట నూటొకటోది అయింది, అంతే.

హైదరాబాద్ రాసిన జవాబు

షెడ్డు యజమాని ప్రశ్న ఈ నగరానికి కొత్తది కాదు. పాతికేళ్ల కిందట దీని మీద ఇక్కడి ఇంజినీర్లు రాత్రులు పనిచేశారు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లూ ఎందుకో పెద్దగా చెప్పుకోరు.

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో పోర్టల్‌ప్లేయర్ అనే చిన్న చిప్పుల కంపెనీ పుట్టింది. దాని ఇంజినీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో పెట్టారు. అంతకుముందు ఇక్కడి సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కును నడిపిన జె.ఎ.చౌదరి భారత విభాగానికి సారథి. వాళ్లు చేసేది ఒక్కటే. డిజిటల్ పాటను చదివి మోగించే చిప్పు, ఆ చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్.

2001లో టోనీ ఫాడెల్ అనే ఇంజినీరు యాపిల్ తరఫున ఓ పాటల పెట్టెకు తగిన సరుకు వెతుకుతూ వాళ్ల గుమ్మం తొక్కాడు. ఆ పెట్టె పేరు ఐపాడ్. అమెరికాలో దాదాపు 200 మంది, ఇక్కడ 80 మంది దాకా ఇంజినీర్లు నెలల తరబడి దాని మీద కూర్చున్నారని పోర్టల్‌ప్లేయర్ మాజీ మేనేజరు ఒకాయన తర్వాతి కాలంలో పత్రికలకు చెప్పాడు. ఆ ఏడాది అక్టోబర్ 23న యాపిల్ దాన్ని బయటపెట్టింది. ధర 399 డాలర్లు.

దాని లోపలికి ఒక్కసారి తొంగిచూద్దాం, ఎందుకంటే ఒక్క పని పెట్టె అంటే ఏమిటో అక్కడ తేటగా కనబడుతుంది. పీపీ5002 అనే చిప్పు, అందులో 90 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు ఏఆర్ఎం మెదళ్లు. పాటలు దాచడానికి తోషిబా వారి 5 గిగాబైట్ల బుల్లి హార్డ్ డిస్క్. ఇవి గాక 32 మెగాబైట్ల మెమరీ. చిక్కంతా ఆ డిస్కుతోనే. తిరిగే డిస్కు బ్యాటరీని తాగేస్తుంది, నడిచేటప్పుడు కుదిపితే పాట తెగుతుంది. అందుకని డిస్కు ఒక్కసారి లేచి, ఇరవై నిమిషాలకు సరిపడా పాటను మెమరీలోకి కుమ్మరించి మళ్లీ పడుకుంటుంది. మనం వినేది మెమరీలోంచి. పొలానికి నీళ్లు తొట్టిలోంచి పారుతుంటే మోటారు ఎప్పుడో ఓసారి నడిచినట్టు. పెట్టెకు ఒకే పని ఉందని ముందే తెలిస్తేనే ఇలాంటి పొదుపు కుదురుతుంది. తర్వాతి క్షణంలో యజమాని ఎక్సెల్ తెరుస్తాడో సినిమా పెడతాడో తెలియని కంప్యూటర్‌కు ఆ నిద్ర పట్టదు.

ఇంకో తెలివి కూడా ఉంది అందులో. పాటల్ని పేర్చడం, పేర్లు దిద్దడం, జాబితాలు కట్టడం వంటి చాకిరీ అంతా మ్యాక్ కంప్యూటర్‌లోని ఐట్యూన్స్‌కు వదిలేశారు. పెట్టెకు మిగిలింది వెతకడం, మోగించడం. అంటే ఐపాడ్ కంప్యూటర్‌ను కాదనలేదు, దానికి వేరే గది ఇచ్చింది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 2004లో పోర్టల్‌ప్లేయర్ నాస్‌డాక్‌లో వాటాలు అమ్మింది. 2006లో కొత్త ఐపాడ్ నానోకు యాపిల్ వేరే చిప్పు చూసుకోవడంతో దాని షేరు కుప్పకూలింది. ఆ ఏడాది చివర్లోనే గ్రాఫిక్స్ చిప్పుల ఎన్విడియా 35.7 కోట్ల డాలర్లకు కంపెనీని కొంటానంది, 2007 జనవరిలో కొనుగోలు పూర్తయింది. చౌదరి ఎన్విడియా భారత విభాగానికీ సారథ్యం వహించారు. ఆ చేరికలోంచే టెగ్రా వచ్చింది. ఫోన్లకు, టాబ్లెట్లకు పనికొచ్చే, పాటా సినిమా ఆటా అన్నీ తెలిసిన చిప్పు. పాట ఒక్కటే తెలిసిన చిప్పు వంశంలో అన్నీ తెలిసిన చిప్పు పుట్టిందన్నమాట. అదే 2007 జూన్‌లో ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. ఐపాడ్‌ను సొంత ఇంటి తమ్ముడే మింగాడు. 2022 మే 10న యాపిల్ ఐపాడ్ తయారీకి స్వస్తి చెప్పింది.

పూర్తిగా పోయిందా అంటే, లేదు. రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పోర్టల్‌ప్లేయర్ చిప్పున్న పాత ఐపాడ్‌ల మీద నడుస్తుంది. డిస్కు తీసేసి మెమరీ కార్డు పెట్టి, కొత్త బ్యాటరీ అతికించి వాటిని ఇప్పటికీ వాడేవాళ్లు ఉన్నారు. మన ఊరివాళ్ల చెయ్యి పడ్డ చిప్పు ఎక్కడో ఎవరి జేబులోనో ఈ పూట కూడా పాడుతూ ఉండొచ్చు.

తీగ మీద పాట

ఐపాడ్ వచ్చిన ఏడాదే, ఎవరూ పట్టించుకోని ఇంకో పెట్టె కూడా వచ్చింది. షాన్ ఆడమ్స్ అనే కుర్రాడు స్లిమ్ డివైజెస్ అనే కంపెనీ పెట్టి స్లింపీత్రీ అనే పరికరం చేశాడు. దానికి డిస్కు లేదు, పాటలు దాచే చోటే లేదు. ఓ పక్క నెట్‌వర్క్ తీగ, ఓ పక్క ఆడియో తీగ, ముందు ఆకుపచ్చగా మెరిసే అక్షరాల పట్టీ. పాటలు ఏ గదిలోనో కంప్యూటర్‌లో ఉంటాయి. ఈ పెట్టె హాల్లో కూర్చుని వాటిని తీగ మీద తెప్పించుకుని పాడుతుంది. 2003లో దాని తర్వాతి రూపానికి స్క్వీజ్‌బాక్స్ అని పేరు పెట్టారు. 2006లో మౌసులు, కీబోర్డులు చేసే లాజిటెక్ ఆ కంపెనీని రెండు కోట్ల డాలర్లకు కొనేసింది.

ఇప్పుడు ‘స్ట్రీమర్’, ‘నెట్‌వర్క్ ప్లేయర్’ అంటున్నవన్నీ ఈ చెట్టు కొమ్మలే. పాటకు మూడు పనులుంటాయి. దాచడం, ఎంచడం, మోగించడం. కంప్యూటర్ మూడూ తానే చేస్తుంది. నెట్‌వర్క్ ప్లేయర్ వాటిని విడదీస్తుంది. దాచడం హార్డ్ డిస్కుదో, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌దో. ఎంచడం మన చేతిలోని ఫోనుది. మోగించడం మాత్రమే పెట్టెది. ఫోనులో వేలు ఆడించేటప్పుడు పాట ఫోనులోంచి వెళ్తోందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ కాదు. ‘ఫలానా పాట తెచ్చుకో’ అని పెట్టెకు చీటీ ఇచ్చి ఫోను తప్పుకుంటుంది. ఆ తర్వాత ఫోను స్విచాఫ్ చేసినా పాట ఆగదు. బ్లూటూత్‌లో అలా కుదరదు. అక్కడ మోసేది ఫోనే, దూరం పోతే పాట తెగుతుంది.

స్కాట్లండ్‌లో లిన్ అనే కంపెనీ ఉంది. గ్రామఫోన్ పళ్లెం తిప్పే టర్న్‌టేబుల్‌తో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అది 2007లో క్లైమాక్స్ డీఎస్ అనే నెట్‌వర్క్ ప్లేయర్ తెచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 2009లో, సీడీ ప్లేయర్లు ఇక చేయబోమంది. కోట్లున్నవాళ్ల సరుకు కాబట్టి మన ఇళ్లదాకా ఆ వార్త రాలేదు. మన ఇళ్లదాకా తెచ్చింది 2012 ఫిబ్రవరి 29న వచ్చిన రాస్ప్‌బెరీ పై. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఇంగ్లండ్‌లో రూపొందించి 35 డాలర్లకు అమ్మిన బుల్లి కంప్యూటర్ అది. ఏటీఎం కార్డంత ఉంటుంది. దాన్ని పట్టుకుని జనం ముందుగా చేసిన పనుల్లో ఒకటి, పాటల పెట్టె కట్టడం. వోల్యూమియో, మూడ్, పైకోర్‌ప్లేయర్... ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మెమరీ కార్డులో ఎక్కించి పెడితే చాలు.

ఇక్కడో తిరకాసు ఉంది, దాచను. రాస్ప్‌బెరీ పై కూడా కంప్యూటరే. ఆ మాటకొస్తే లక్షలు పోసి కొనే స్ట్రీమర్‌లోనూ ఉండేది కంప్యూటరే, చాలావాటిలో నడిచేది లినక్సే. కాబట్టి ‘కంప్యూటర్ మంచిదా, ప్లేయర్ మంచిదా’ అన్న తగవులో రెండు వైపులా నిలబడ్డది ఒకే మనిషి. ఒకడు పది ఉద్యోగాలు చేస్తున్నాడు, ఇంకొకడు తొమ్మిదింటికి రాజీనామా ఇచ్చాడు.

చెవికి తెలిసే తేడా ఎంత?

ఆడియో షాపుల్లో ఈ మాట ఎత్తితే గంట పడుతుంది. ‘ఈ పెట్టె పెట్టగానే తెర తొలగినట్టయింది సార్’ అంటారు. కొంచెం ఓపిగ్గా లెక్క చూద్దాం.

సీడీలో పాట సెకనుకు 44,100 సార్లు కొలిచిన కొలతల వరుస. ఒక్కో కొలత 16 బిట్లు, ఎడమా కుడీ రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్లు. ఆ బిట్లు లాప్‌టాప్‌లోంచి వచ్చినా, లక్ష రూపాయల పెట్టెలోంచి వచ్చినా అవే. ఒకటి సున్నా అయిపోదు. నెట్‌వర్క్ తీగ మీద దారిలో ఏదైనా పోతే మళ్లీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు ఉంటుంది. బంగారు పూత తీగ పెడితే పాట తియ్యబడుతుందన్న మాట నమ్మకండి.

తేడా రాగల చోట్లు మూడున్నాయి. మొదటిది మిక్సరు. విండోస్‌లో అన్ని శబ్దాలూ ఒకే గిన్నెలో కలుస్తాయి. మెయిల్ గంట, బ్రౌజరు వీడియో, మన పాట. ఆ గిన్నె 48,000కు పెట్టి ఉంటే 44,100 పాటను లెక్కగట్టి సాగదీస్తారు. దీన్ని తప్పించే ప్రత్యేక దారి విస్టా కాలం నుంచీ విండోస్‌లో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో యూఎస్‌బీ మీద పాటను ముట్టుకోకుండా పంపే వీలును గూగుల్ 14వ వెర్షన్‌లో, 2023లో గానీ అధికారికంగా పెట్టలేదు. నిజం చెప్పాలంటే, బాగా చేసిన సాగదీత చెవికి తెలియడం కష్టం. ప్లేయరులో మాత్రం ఆ గిన్నే ఉండదు, సెట్టింగు వెతుక్కునే పనీ ఉండదు.

రెండోది గడియారం. కొలతలు ఎంత సరైనవైనా, వాటిని ఒకే లయలో విడుదల చేయాలి. తాళం తప్పితే పాట చెడినట్టే ఇదీ. మంచి డ్యాక్‌లలో, అంటే అంకెల్ని శబ్దంగా మార్చే భాగంలో, రెండు స్ఫటికాలు ఉంటాయి. ఒకటి 22.5792 మెగాహెర్ట్జ్, రెండోది 24.576. ఎందుకీ వింత అంకెలు? 512తో భాగించి చూడండి. మొదటిది సరిగ్గా 44,100, రెండోది సరిగ్గా 48,000. పాత రాస్ప్‌బెరీ పైలలోని సొంత గడియారం 19.2 మెగాహెర్ట్జ్. దాన్ని 44,100తో భాగిస్తే శేషం మిగులుతుంది. అందుకే సొంత గడియారాలున్న డ్యాక్ బోర్డును దాని నెత్తిన పెడతారు. అయితే ఈ ఎత్తు కంప్యూటర్‌కూ అందుబాటులో ఉంది. ఈనాటి యూఎస్‌బీ డ్యాక్‌లు కంప్యూటర్ లయను పట్టించుకోవు. తమ గడియారం ప్రకారం తామే అడిగి తీసుకుంటాయి.

మూడోది కరెంటు రొద. మా ఇంట్లో చెవికి స్పష్టంగా తెలిసింది ఇదొక్కటే. దీనికీ కంప్యూటర్ పక్షాన మందుంది. తీగ బదులు వెలుతురు మీద పాటను పంపే ఆప్టికల్ కేబుల్ వేస్తే ఎర్తు వలయం తెగిపోతుంది. ఆ కంత మీ కంప్యూటర్‌కు ఉండాలి, అంతే.

నా తీర్పు ఇది. నాలుగైదు వేల రూపాయల యూఎస్‌బీ డ్యాక్ తగిలించి, సెట్టింగులు సరిగ్గా పెట్టిన మామూలు కంప్యూటర్‌కూ మంచి స్ట్రీమర్‌కూ మధ్య, కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే నేను తేడా పట్టలేను. పట్టగలమనేవాళ్లకు గంతలు కట్టి చూడండి. 192 కిలోహెర్ట్జ్ కొలతల పిచ్చి కూడా అంతే. 1957 నాటి ‘మాయాబజార్’ పాటల్ని ఏ కొలతకు సాగదీసినా, ఆనాటి మోనో రికార్డింగులో లేనిది కొత్తగా వచ్చి చేరదు. డబ్బులుంటే స్పీకర్ల మీద పెట్టండి. గోడకూ స్పీకరుకూ మధ్య జానెడు చోటు వదిలితే వచ్చే తేడా కొన్ని పెట్టెలతో రాదు.

మరి ఏం గెలిచినట్టు? పొద్దున అయిదున్నర గెలిచింది. నాన్న బటన్ నొక్కుతాడు, పాట వస్తుంది. మధ్యలో ‘టింగ్’ లేదు.

సరిగమ కంపెనీకి ఈ సంగతి ఇంజినీర్ల కంటే ముందే తెలిసింది. 2017లో పాతకాలం ట్రాన్సిస్టర్ ఆకారంలో కారవాన్ తెచ్చింది. లోపల 5,000 పాటలు, బయట గుండ్రటి మర. తెలుగు పాటలతోనూ వచ్చింది. జేబులో స్మార్ట్‌ఫోన్ ఉన్న కొడుకులూ కూతుళ్లే అమ్మానాన్నల కోసం దాన్ని కొన్నారు. శబ్దనాణ్యత గురించి ఎవరూ అడగలేదు. మర తిప్పితే పాట రావడమే నాణ్యత.

కిలోల లెక్క

ఇప్పుడు ఆ షెడ్డులోని రెండో మాట దగ్గరికొద్దాం. ఆర్డరు ఆగితే తుక్కుకే.

స్క్వీజ్‌బాక్స్ తయారీని లాజిటెక్ 2012లో ఆపేసింది. వాటికి ఇంటర్నెట్ రేడియో వగైరా అందించే కంపెనీ సర్వీసు 2024లో మూతపడింది. గూగుల్ 2015లో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే గుండ్రటి బిళ్ల తెచ్చింది. చవకలో అంత మంచి నెట్‌వర్క్ ప్లేయర్ మళ్లీ రాలేదు. 2019లో తయారీ ఆపేసింది. 2025 మార్చి 9న ప్రపంచమంతటా ఆ బిళ్లలు, వాటితోపాటు రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఏ భాగమూ కాలిపోలేదు. లోపల ఉన్న పదేళ్ల గడువు డిజిటల్ ధ్రువపత్రానికి కాలం తీరింది, అంతే. కొద్ది రోజుల్లో గూగుల్ సరిదిద్దింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నిక్షేపంలాంటి సరుకు చెత్తబుట్టకే.

నాకూ ఓ దెబ్బ తగిలింది. పేరెందుకు గానీ, ఓ కంపెనీ పెట్టె కొన్నాను. రెండేళ్లు బంగారంలా పాడింది. మూడో ఏడు దాని యాప్ మారింది. కొత్త యాప్ పాత పెట్టెను గుర్తుపట్టనంది, పాత యాప్ కొత్త ఫోనులో ఎక్కనంది. కంప్యూటర్‌కు ఈ గతి పట్టదు. ఒక ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పోతే ఇంకోటి ఎక్కించుకుంటాం. పన్నెండేళ్ల నాటి లాప్‌టాప్ కూడా లినక్స్ వేస్తే పాట పాడుతుంది. అన్నీ తెలిసినవాడు ఉద్యోగం పోతే వేరే పని చూసుకుంటాడు.

కానీ షెడ్డులోని ఎస్‌పీఎం పూర్తి కథ నేను చెప్పలేదు. కొన్నేళ్ల కిందట దాని రిలే ప్యానెల్ కాలిపోయిందట. మిషన్ చేసిన కంపెనీ అప్పటికే లేదు.

“మరి ఎట్లా నడుస్తోంది?”

“డ్రాయింగులు ఉన్నయి కద అన్నా మన తాన. బాలానగర్‌లెల్లి ఒకాయన వచ్చి పీఎల్‌సీ పెట్టి పోయిండు. డ్రాయింగ్ లేకుంటే అప్పుడే అమ్ముడువోవు.”

స్క్వీజ్‌బాక్స్‌లు బతికిందీ సరిగ్గా ఇలాగే. వాటికి పాటలందించే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచీ అందరూ చదివి దిద్దుకునేలా విప్పి ఉంచారు. కంపెనీ చేతులు దులుపుకున్నాక వాడుకరులే దాన్ని నడుపుకుంటున్నారు. 2024లో లిరియన్ అని పేరు మార్చుకుని ఇప్పటికీ కొత్త వెర్షన్లు తెస్తోంది. ఇరవై ఏళ్ల నాటి పెట్టె దానితో ఈ రోజు కూడా పాడుతుంది. నా అల్యూమినియం డబ్బాలో నడుస్తున్నదీ ఆ కుటుంబానిదే.

అరడజను మంది బాలులు

పాటల పేర్లు దిద్దాలంటే కంప్యూటర్ లేకుండా మాత్రం పని జరగదు. నెల రోజుల ఆదివారాలు దీనికే పోయాయి.

మన దగ్గరున్న పాటల ఫైళ్లలో పేర్లు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. నా హార్డ్ డిస్కులో బాలసుబ్రహ్మణ్యం ఆరుగురున్నారు. పూర్తి పేరుతో ఒకరు, ‘సుబ్రమణ్యం’ అని ఒకరు, ఎస్పీ బాలు ఒకరు, మూడు పొడి అక్షరాలతో ఒకరు, చుక్కలు పెట్టి ఒకరు, ఖాళీలు వదిలి ఒకరు. ప్లేయరు అమాయకంగా ఆరుగురికీ ఆరు వరుసలు వేసి చూపింది. ఘంటసాలకు ఇంగ్లిష్ అక్షరాల్లో ‘హెచ్’ ఉన్న ఫైళ్లు వేరు, లేనివి వేరు. కొన్ని పాటలకు గాయకుడి స్థానంలో హీరో పేరు, కొన్నిటికి ఏదో వెబ్‌సైటు పేరు.

ఫోను తెర మీద ఇది దిద్దాలంటే పిచ్చెక్కుతుంది. పెట్టెకైతే ఆ విద్యే రాదు. పెద్ద తెర, కీబోర్డు, ఒకేసారి నూరు ఫైళ్ల పేర్లు మార్చే ఉచిత ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చోవాల్సిందే. సీడీలను నష్టం లేని ఫ్లాక్ ఫైళ్లుగా మార్చడమూ అక్కడే. పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాను. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ తెలుగును బాగానే చూపిస్తోంది, వెతికితే దొరుకుతోంది కూడా. ఫోనులో ‘ఘంటసాల’ అని తెలుగులో కనబడితే నాన్న కళ్లద్దాలు సర్దుకోకుండానే నొక్కుతాడు.

ఆ డబ్బా కంతల సంగతీ అంతే. నాలుగు వేర్వేరు కొలతల కంతలు ఎస్‌పీఎం వల్ల కాలేదు. వీఎంసీ మీదికే ఎక్కించారు. అద్దగంట ప్రోగ్రాం, రెండు నిమిషాల కోత.

కరెంటు లెక్క కూడా చెప్పి ముగిస్తాను. టేబుల్ కింద పెట్టే మామూలు కంప్యూటర్ 60 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 14.4 యూనిట్లు. నా డబ్బా 4 వాట్లు. రాత్రింబవళ్లు ఆపకపోయినా నెలకు 2.88 యూనిట్లు. ఫ్యాను లేదు కాబట్టి చప్పుడు లేదు. మా వైపు కరెంటు చెప్పా పెట్టకుండా పోయినా భయం లేదు. డబ్బాలోని పైకోర్‌ప్లేయర్ మొదలవగానే తనను తాను మెమరీలోకి ఎక్కించుకుని కార్డును వదిలేస్తుంది, కాబట్టి హఠాత్తుగా కరెంటు పోతే కార్డు పాడయ్యే బెడద చాలావరకు తప్పుతుంది. మామూలుగా లినక్స్ ఎక్కించి నడిపినప్పుడు నాకు రెండు కార్డులు పోయాయి.

ఇంట్లో ఒక్కరే ఉండి, టేబుల్ దగ్గరే పాట వినేవాళ్లయితే కొత్త పెట్టె వద్దు. ఉన్న కంప్యూటర్‌కు ఓ డ్యాక్ చాలు. హాల్లో నలుగురూ వాడేదైతే పెట్టె తెచ్చుకోండి. తీరిక ఉంటే కట్టుకోండి, లేకపోతే కొనుక్కోండి. కొనేటప్పుడు స్పెసిఫికేషన్ల పట్టీ పక్కనపెట్టి ఒక్క పరీక్ష చేయండి. మీ పెన్‌డ్రైవ్‌లో నాలుగు పాటలు వేసుకెళ్లండి. షాపువాళ్లను రౌటరుకు వచ్చే ఇంటర్నెట్ తీగ పీకమనండి. ఏ ఖాతా తెరవకుండా, ఏ కంపెనీ సర్వర్‌నూ అడగకుండా మీ పాట మోగించి చూపమనండి. మోగితే అప్పుడు బేరం మొదలుపెట్టండి.